ప్రోటీన్ పరీక్షల్లో ఖాళీ నమూనా తప్పనిసరి కావాలి

సంపాదకుల వారికి,

ప్రోటీన్ల ముక్కల ద్రవ్యరాశిని కొలిచి వాటిని విశ్లేషించే మాస్ స్పెక్ట్రోమీటర్ గురించి రాసేవారంతా దాని సూక్ష్మగ్రాహ్యతను మెచ్చుకుంటారు. నమూనా తయారుచేసేటప్పుడు అక్కర్లేని రసాయనం లేశమాత్రం కలిసినా ఆ యంత్రం దాన్నీ అంతే శ్రద్ధగా నమోదు చేస్తుందన్న సంగతి మాత్రం కొత్తగా ప్రయోగశాలలో చేరే విద్యార్థులకు కూడా సరిగా చెప్పడం లేదు. ఈ పనిలోనే కొన్నేళ్లుగా ఉన్నందువల్ల, ప్రోటీన్ వేయని ఖాళీ నమూనాను కూడా ప్రతిసారీ పరీక్షించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఒకసారి మా నమూనాల్లో పెప్టైడ్ల (ప్రోటీన్లను కోయగా వచ్చే చిన్న ముక్కల) సంకేతాలు దాదాపుగా మాయమై, వాటి చోట 44 డాల్టన్ల (అణువుల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం) ఎడంతో నిచ్చెన మెట్లలా శిఖరాలు వరుసకట్టాయి. అది పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే గొలుసు రసాయనం ఆనవాలు. ట్రైటాన్ ఎక్స్-100, ట్వీన్-20 వంటి డిటర్జెంట్లలోనూ ఇదే గొలుసు ఉంటుంది. ద్రావణాలు, గొట్టాలు, పెప్టైడ్లను వేరుపరిచే కాలమ్ ఒక్కొక్కటిగా మార్చి చూశాక, శుభ్రత కోసమని మేమే డిటర్జెంటుతో కడిగిన గాజు సీసా నుంచే అది వస్తోందని తేలింది. మూడు వారాల శ్రమ వృథా కావడం కన్నా, మళ్లీ సేకరించడానికి వీల్లేని నమూనాలు పాడైపోవడం నన్ను ఎక్కువగా బాధించింది.

చర్మం, జుట్టు, ఉన్ని దుస్తుల నుంచి వచ్చే కెరటిన్ ప్రోటీనే కాబట్టి ఫలితాల జాబితాలో పేరుతో సహా బయటపడుతుంది. రసాయన కల్మషం అలా కాదు, అది పెప్టైడ్ల అయనీకరణను (యంత్రం గుర్తించేందుకు వీలుగా అవి విద్యుదావేశం పొందడాన్ని) అణచివేసి, ఉన్న ప్రోటీన్‌ను లేనట్లు చూపిస్తుంది. ప్రోటీన్ల మడతలు విప్పడానికి వాడే యూరియా చేసే చేటు మరో రకం: ఆ ద్రావణాన్ని వేడి చేస్తే అందులో పుట్టే సయనేట్ లైసిన్ అనే అమైనో ఆమ్లానికీ, ప్రోటీన్ మొదటి కొసకూ అతుక్కుని ద్రవ్యరాశిని 43 డాల్టన్లు పెంచడమే కాక, ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ ఎంజైమ్ ఆ లైసిన్ దగ్గర కోయకుండా అడ్డుపడుతుంది. తయారీలో జరిగిన ఈ మార్పును కణంలో సహజంగా జరిగినదిగా పొరబడే ప్రమాదం ఉంది. ఎసిటోనైట్రైల్ వంటి ద్రావణులను ప్లాస్టిక్‌లో నిల్వ ఉంచితే థాలేట్లు, ఎరుకమైడ్ అనే ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాలు కూడా వాటిలోకి దిగుతాయి.

ప్రతి విడతలోనూ ప్రోటీన్ వేయని ఖాళీ నమూనాను అవే గొట్టాలు, అవే ద్రావణాలతో చివరిదాకా నడిపితే వీటిలో చాలావాటిని ముందే పసిగట్టవచ్చు. దీనికి ఖర్చు స్వల్పమే అయినా, యంత్రంపై సమయం దొరకదన్న కారణంతో మొదట కత్తిరించేది దీన్నే. ఇది నాకు ఏమాత్రం సమ్మతం కాదు. పరిశోధన పత్రికలు ఖాళీ నమూనా దత్తాంశాన్ని కూడా సమర్పించమని అడగాలి. ప్రోటీన్ల ఆధారంగా రోగాన్ని గుర్తించామనే వార్తలు వచ్చినప్పుడు, ఖాళీ నమూనాతో పోల్చి చూశారా అని పరిశోధకులను అడగవలసిందిగా మీ విజ్ఞాన విభాగం విలేకరులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రయోగశాల ఉద్యోగి