మిగులు సరుకు షాపులకు ఆన్‌లైన్ దారి చూపించండి

విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

స్టాక్ క్లియరెన్స్ షాపులను ముంచేది తగ్గింపు ధర కాదండీ, సైజులు తెగిన సరుకు. చొక్కాల లాటులో 40, 42 అమ్ముడైపోయి 38, 46 మిగిలితే అద్దె మాత్రం ఆగదు. ఆ సైజు కావలసిన మనిషి ఏ కడపలోనో ఉంటాడు, ఫోన్‌లోనే దొరుకుతాడు.

ఏడాది అమ్మకం రూ.40 లక్షలు దాటని వ్యాపారి రాష్ట్రం లోపల ఆన్‌లైన్‌లో అమ్మడానికి 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. పక్క రాష్ట్రం ఒడిశాలోని రాయగడకు ఒక్క చొక్కా పంపినా ఈ వెసులుబాటు వర్తించదు. ధర తగ్గించి అతికించే స్టిక్కరు పాత ఎమ్మార్పీని కప్పకూడదు.

పైడితల్లమ్మ పండగ సరుకు దిగకముందే, వాణిజ్య పన్నుల శాఖ, తూనికలు కొలతల శాఖ సిబ్బందితో గంటస్తంభం దగ్గర ఈ నియమాలు వివరించే శిబిరం పెట్టించండి.

— విజయనగరం క్లియరెన్స్ సరుకు వ్యాపారులు