తాబేలు ఓడ ఒక్కటే కాదు

సంపాదకునికి,

కొరియా సైనిక చరిత్ర గురించి తెలుగులో ఎవరు రాసినా నౌకా సేనాని యి సున్‌సిన్ నడిపిన తాబేలు ఓడ (పైకప్పు ఉన్న యుద్ధనౌక) దగ్గరే ఆగిపోతున్నారు. ఆ సేనాని గొప్పతనం తిరుగులేనిదే. కానీ నేల మీద పోరాడిన సైనికుల ఆయుధాలకూ చోటు దక్కాలి. ముఖ్యంగా ప్యోన్‌జోన్ అనే పొట్టి బాణం. నిలువుగా చీల్చిన వెదురు గొట్టంలో దాన్ని ఉంచి విల్లు లాగేవారు. గొట్టం చేతి దగ్గరే ఉండిపోయేది, బాణం మాత్రం మామూలు బాణాల కన్నా ఎక్కువ దూరం దూసుకుపోయేది. ఆ గొట్టం లేని శత్రువుకు బాణం దొరికినా తిరిగి వేయడం సాధ్యం కాదు. ఎంత లోతైన ఆలోచన! విల్లుకు కావలసిన గేదె కొమ్ములు కొరియాలో దొరకవు కాబట్టి చైనా నుంచి తెప్పించుకునేవారు. ఆ సరఫరా ఆగితే సైన్యానికే ఇబ్బంది.

ఇక అగ్ని బాణాలను ఒకేసారి వదిలే హ్వాచా బండి సంగతి. 1451లో రాజు మున్‌జోంగ్ దాన్ని మెరుగుపరిచారు. 1593లో హేంగ్జు కోటలో కొరియా సేనాని క్వోన్ యుల్ చిన్న సైన్యం ఎన్నో రెట్లు పెద్దదైన జపాన్ సేనను తిప్పికొట్టడంలో ఈ బండ్లు తోడ్పడ్డాయి. ఓడలతో పాటు వీటి గురించి కూడా మీ ఆదివారం సంచికలో బొమ్మలతో సహా వివరంగా ప్రచురించాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
విజయవాడ