తనిఖీల లెక్క మాకూ చూపించండి మంత్రి గారూ

కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, పనిచేసే చోట్ల తనిఖీల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) చేసిన 81వ నంబర్ కన్వెన్షన్ అనే ఒప్పందాన్ని ఒప్పుకున్న ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు జెనీవాలో ఉన్న ఆ సంస్థకి రిపోర్ట్ పంపుతాయి, మీరూ పంపుతూనే ఉంటారు, నా గొడవ దాని గురించి కాదు. 1947 నాటి ఆ కన్వెన్షన్‌లోనే ఆర్టికల్ 20 ఉంది, తనిఖీల మీద ప్రతి ఏడాదీ రిపోర్ట్ పబ్లిష్ చేయాలి, ఏడాది అయిపోయాక 12 నెలలు దాటకూడదు అని. దాని కాపీ జెనీవాకి పంపేది ఆ తర్వాత మూడు నెలల్లో, అంటే ముందు జనానికి కనబడాలన్నమాట.

అందులో ఏమేం ఉండాలో ఆర్టికల్ 21 చెప్తుంది. ఇన్‌స్పెక్టర్లు, తనిఖీ కిందకి వచ్చే చోట్లు, అక్కడ పనిచేసేవాళ్లు, విజిట్లు, ఉల్లంఘనలు, వేసిన శిక్షలు, ప్రమాదాలు, వృత్తి రోగాలు. ఇన్ని వేల తనిఖీలు చేశాం అని చెప్పుకోవడం ఈజీనే సార్, అసలు మొత్తం ఎన్ని చోట్లు ఉన్నాయో చెప్పకపోతే ఆ నంబర్‌తో మేమేం చేసుకోవాలి? 20 వేలలో 10 వేలు చూస్తే శభాష్ అంటాం, 10 లక్షల్లో 10 వేలైతే ఏమనాలి. ప్రమాదాలు తగ్గాయన్నా నాకు డౌటే, నిజంగా తగ్గాయా, చెప్పేవాళ్లు తగ్గారా? ఇన్‌స్పెక్టర్ పోస్టులు ఖాళీగా పడున్న ఏడాదే ప్రమాదాలూ తగ్గితే నేనైతే సంతోషించను.

ఇంకోటి. ముందు చెప్పకుండా రాత్రైనా పగలైనా లోపలికెళ్లే హక్కు ఇన్‌స్పెక్టర్‌కి ఆర్టికల్ 12 ఇచ్చింది. జరిగేది పనిచేసేవాళ్లని అడగండి, ముందురోజు సాయంత్రానికే కబురొస్తుంది, ఫ్లోర్ కడిగిస్తారు, కవర్ విప్పని గ్లౌజులు తెచ్చి పంచుతారు, వయసు చాలని పిల్లల్ని రేపు రావొద్దంటారు, ఇన్‌స్పెక్టర్ గారి బండి గేటు దాటిందో లేదో గ్లౌజులు మళ్లీ స్టోర్ రూమ్‌కి. అదీ మీ లెక్కలో ఒక తనిఖీయే! అందుకే చెప్పి వెళ్లినవి ఎన్ని, చెప్పకుండా వెళ్లినవి ఎన్ని విడివిడిగా వేయండి. కన్వెన్షన్ అంత వివరంగా అడగలేదు కదా అంటారేమో, అడక్కపోయినా వేయొచ్చు, ఎవరూ కాదనరు.

జెనీవాకి పంపే రిపోర్ట్ కాపీ యూనియన్లకీ యజమానుల సంఘాలకీ ఇవ్వాలని ఐఎల్ఓ రాజ్యాంగం ఆర్టికల్ 23లోనే ఉంది. అది కూడా పంపేశాక మొక్కుబడిగా కాకుండా, చదివి మా అభ్యంతరాలు రాసుకునేంత టైం ఉండగా ఇప్పించండి. ఈ రిపోర్టులు పరిశీలించే ఐఎల్ఓ నిపుణుల కమిటీ ఏదైనా అడిగితే "సమాచారం సేకరిస్తున్నాం" అనే జవాబు దయచేసి మళ్లీ వద్దు.

పోయిన ఏడాది రిపోర్ట్ ఏ తేదీకి బయటపెడతారో చెప్పండి సార్.

ఇట్లు,
ఒక యూనియన్ కార్యకర్త