పడగొట్టే ముందు ఒకసారి పర్లాకిమిడి రా

ఒరేయ్ గురూ,

ఫోన్‌లో చెబితే నువ్వు "సరేరా, సరేరా" అని ఊకొట్టి వదిలేస్తావు. అందుకే కాగితం తీశాను. గుణుపురం ఇల్లు పడగొట్టి స్లాబు వేద్దామని మీ అన్నయ్య పట్టుబడుతున్నాడని, కాంట్రాక్టరు వచ్చి కొలతలు కూడా తీసుకెళ్ళాడని మొన్న చెప్పావు. నువ్వు నన్ను సలహా ఏమీ అడగలేదు. అయినా చెబుతాను, వినక తప్పదు.

మీ ఇంటికి ఏమైందని పడగొట్టడం? అమ్మ బరంపురంలో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయాక ఆ ఇంటికి తాళం పడింది. ఏటా వానలకి ముందు పెంకు నేయించేవాళ్ళు లేరు. పొయ్యి వెలగదు, కిటికీలు తెరుచుకోవు. ఏ ఇల్లైనా అలా వదిలేస్తే అంతే. ఆ ఇల్లు ముసలిదైపోయిందని మీవాడు అంటున్నాడు గానీ, దాన్ని పట్టించుకున్నవాడు లేడు, అదీ సంగతి. నట్టింట్లో ఆ నాలుగు టేకు స్తంభాలు, వాటి కింద రాతి దిమ్మలు, దక్షిణం గదిలో వరసగా చిలక్కొయ్యలు, వీధరుగు మీద పెద్దాయన పేపరు చదువుకునే మూల... ఇవన్నీ కొత్త ఇంట్లో పెట్టించాలంటే ఇవాళ ఎంతవుతుందో మీ కాంట్రాక్టరునే అడుగు. వాడు నవ్వుతాడు.

మా ఇల్లు బాగు చేయించిన కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఈసారి వరసగా చెబుతాను, మీ ఇంటికి పనికొచ్చేది ఏరుకో.

అందరూ రంగులతో మొదలెడతారు. మనం నీళ్ళతో మొదలెట్టాలి. వాన నీళ్ళు పైనుంచి ఎక్కడ దిగుతున్నాయి, నేల తేమ కింద నుంచి ఎంతవరకు ఎక్కుతోంది, పెరట్లో నీళ్ళు ఎటు పోతున్నాయి. ఈ మూడూ తేలకుండా గోడకి ఏం పూసినా డబ్బు దండగ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది. మా గజపతి జిల్లా అంతా అల్లాడిపోయింది. మా వీధిలో పెంకులు కాగితాల్లా ఎగిరాయి. ఆ తర్వాతే సగం మంది "ఇంక ఈ పెంకుటిళ్ళు వద్దు బాబూ" అని స్లాబులకి దిగారు. వాళ్ళని తప్పుపట్టను, ఆ రాత్రి భయం అలాంటిది. కానీ మా ముందువైపు కప్పు లేచిపోలేదు. కారణం చూస్తే చూరు చివర రెండు వరసల పెంకులని ఎవరో పాతకాలంలోనే రాగి తీగతో పట్టెలకి కట్టి ఉంచారు. వెనక భాగంలో కట్టలేదు, అక్కడే పోయాయి. ఇప్పుడు చుట్టూ చూరు వరసలు, నడి కప్పు వరసలు అన్నీ కట్టించేశాం. మీ ఇంటికీ ముందు చేయించాల్సింది అదే, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

కప్పు కారేది సాధారణంగా పెంకు మధ్యలో కాదు. రెండు వాలులు కలిసే లోయ దగ్గర, పైన వెన్ను పెంకుల కింద సున్నం పగిలిన చోట. మీ ఇంట్లో మండువా నాలుగు మూలలూ చూడమను, అక్కడే వాసాలు మెత్తబడి ఉంటాయి. మీ ఇంటి ముందువైపు ఉన్నవి మనవాళ్ళు బెంగళూరు పెంకులు అనేవి, నిజానికి మంగళూరు పెంకులు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు ఫ్యాక్టరీ పెట్టి చేయించడం మొదలెట్టిన రకం. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుంటాయి, అందుకే తేలికగా నిలుస్తాయి. వెనక వంటింటి మీద గూన పెంకులు. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి రెండుగా చీల్చి కాల్చినవి. అవి పోతే కొత్తవి దొరకడం కష్టం. కూలిన ఇళ్ళ దగ్గర కుప్పలుగా పోసి ఉంచుతారు, వందల లెక్కన కొనేసి పెరట్లో పెట్టుకో. మా ఊళ్ళో గాలివాన కంటే కోతులే పెంకుకి పెద్ద శత్రువులు. వాటికి మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇంకో మాట. వంటింటి మీద మధ్యలో రెండు అద్దం పెంకులు పెట్టించు. అంతే, పగలు లైటు అక్కర్లేదు. మా ఆవిడ ఈ మొత్తం పనిలో నన్ను మెచ్చుకున్నది ఆ రెండు పెంకులకే.

ఇప్పుడు గోడల సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు, మీ అన్నయ్యతో నువ్వు గొడవ పడాల్సింది ఇక్కడే.

మీ ఇంటి గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. పునాదిలో తేమని ఆపే పొర అంటూ ఏదీ ఉండదు, అప్పట్లో అది లేదు. కాబట్టి నేల తేమ గోడలోకి కొంచెం కొంచెంగా ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత గాలాడుతుంది కనక ఎక్కిన తేమ ఎక్కినట్టే బయటికి ఆరిపోతుంది. అలాంటి గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేశావనుకో, తేమకి దారి మూసుకుపోతుంది. అది ఊరుకోదు, ఇంకా పైకి ఎక్కుతుంది. దాంతోపాటు ఉప్పు. ఆ ఉప్పు పూత వెనక గడ్డకట్టి పెచ్చులు ఊడతాయి, లోపల ఇటుక పిండిలా రాలుతుంది. జనం అప్పుడేం చేస్తారు? "చెమ్మ వస్తోంది" అని మూడడుగుల ఎత్తు దాకా టైల్స్ అతికిస్తారు. చెమ్మ నాలుగో అడుగు నుంచి మొదలవుతుంది. మా పక్కవీధిలో ఓ ఇంటికి అచ్చం ఇలాగే చేయించి, వాటర్‌ప్రూఫ్ పెయింటు కూడా వేయించారు. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి హాల్లో గోడ గజ్జి పట్టినట్టయింది. పెయింటు వేసినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

మేం సున్నమే వేయించాం. దాన్ని చేయగల తాపీ మేస్త్రి దొరకడమే పెద్ద పని. చివరికి దొరికినాయన సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడే పెద్దాయన. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వెంట గుడి పనులకి వెళ్ళేవాడట. ఆయన పనిలో నేను కూర్చుని చూసిందేమిటో చెబుతాను. పెరట్లో గొయ్యి తీసి రాతి సున్నం పోసి నీళ్ళు వదిలితే, ఒక్క నిమిషం ఏమీ ఉండదు. తర్వాత రాయి పగులుతున్న చప్పుడు, ఆవిరి, బుడబుడమని ఉడుకు. దగ్గరికి పోతే మొహం కాలేంత వేడి. కళ్ళలో చుక్క పడితే చూపు పోయే ప్రమాదం, పిల్లల్ని ఆ పక్కకి రానీయొద్దు. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. గోడకి పూశాక ఆ సున్నం గాలిలోంచి అదే వాయువుని మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. అందుకే దానికి తొందర పనికిరాదు. గొయ్యిలో వెన్నలా అయ్యేదాకా నాననిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక, ఇటుక పొడి కలిపి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోశాడు. పలచగా ఒక పొర, అది ఆరాక ఇంకో పొర. ఎండ తగలకుండా గోనెసంచులు కట్టి తడుపుతూ ఉండాలి. ఇసుకకి మీకేం కొరత, వంశధార పక్కనే ఉంది.

ఆఖరున వెల్ల. సున్నంలో రవ్వంత నీలిమందు కలిపితే తెలుపుకి చల్లదనం వస్తుంది. అడుగున కావి పట్టీ. అంతకు మించిన రంగు ఆ గోడలకి అక్కర్లేదని నా గట్టి నమ్మకం. మీ వదిన టీవీలో చూసి "ఒక గోడ మాత్రం ముదురు ఊదారంగు" అంటే వినకు.

అయితే అన్ని ఇళ్ళూ నిలుస్తాయని నేననను. గోడ నిలువు తప్పి ఒరిగితే, లేదా దూలం గోడలో కూర్చునే చివర పుచ్చిపోయి వేలు గుచ్చితే దిగిపోతుంటే, అప్పుడు ముందు ఇంజనీరుని పిలవాలి. ఆయన వద్దంటే వద్దు. మీ ఇంటి దూలాలు నేను పోయిన దసరాకి వచ్చినప్పుడు కొట్టి చూశాను, గంటలా మోగాయి. చెదలు మాత్రం పడమటి గది ద్వారబంధంలో ఉన్నాయి. ఆ ఒక్క ముక్క తీసి అదే జాతి పాత కర్ర అతికిస్తే సరి, మొత్తం బంధం మార్చక్కర్లేదు. మంచి వడ్రంగి ఆ అతుకు కనపడనీయడు. తలుపులకి సన్‌మైకా అతికించిన మహానుభావుడెవరో గానీ అది పీకించెయ్. కింద టేకు ఉంది. వార్నిష్ వద్దు, అవిసెనూనె పట్టించి గుడ్డతో రుద్దితే చాలు.

కరెంటు విషయంలో మాత్రం సెంటిమెంటు వద్దురా. ఆ పాత చెక్క పట్టీల వైరింగ్ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, మొత్తం పీకించి కొత్తది వేయించు, ఎర్తింగుతో సహా. బాత్రూమ్ కూడా అంతే. పెరటి చివరికి నడవడం అమ్మకి ఈ వయసులో ఎందుకు? వెనక పంచలో ఒక మూల కట్టించు, నీళ్ళ గొట్టాలు మాత్రం పాత గోడ లోపల దూర్చొద్దు, పైనుంచే పోనీ. ఎర్ర గచ్చుకి సన్న బీటలు ఉంటే ఉండనీ. అతుకులు వేస్తే రంగు కలవదు, పులిపిరుల్లా కనపడతాయి. తడిగుడ్డ, అప్పుడప్పుడు కాస్త కొబ్బరినూనె, అంతే దానికి వైభోగం.

ఇక అలంకరణ. మా ఇంటికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది సవర గిరిజనుల బొమ్మల గురించి. గోడ మీద వేయించలేదేం, ఇది సవర ప్రాంతం కదా అని. ఆ బొమ్మలు వాళ్ళకి షోకు కాదు. ఇడితల్ అంటారు, ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, పెద్దల ఆత్మల కోసం, జబ్బు తగ్గాలనో పంట పండాలనో పూజ చేసి వేస్తారు. దాన్ని నా సోఫా వెనక వేయించడం నాకు ఒప్పలేదు. కాగితం మీదో గుడ్డ మీదో అమ్మకానికి వేసినవి ఉంటాయి, అవి కొను, వేసినవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తాయి. దీపం గూట్లో మాత్రం మా ఊరి కొమ్ము కొంగలు రెండు పెట్టాను. పశువు కొమ్ముని వేడి చేసి వంచి చెక్కుతారు, వెలుగు పడితే అంచులు తేనెరంగులో మెరుస్తాయి. ఆ పని చేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారు.

మిగతా అలంకారమంతా ఇంట్లోంచే వచ్చింది. అటక దించితే ఇత్తడి గంగాళం, ఉయ్యాల బల్ల గొలుసులు, తాతయ్య కాలం నాటి పెట్టె. మీ అటక మీద ఏముందో చూడకుండా కాంట్రాక్టరు మనుషుల్ని లోపలికి రానీయకు. పడగొట్టే ఇళ్ళ తలుపులు, స్తంభాలు కొనడానికి పట్నాల నుంచి వ్యాన్లు వస్తున్నాయి. మా గుమ్మం ముందు ఆగి ఒకాయన తలుపు బేరం కూడా చేశాడు. నేను లోపల కూర్చుని కాఫీ తాగుతుండగా!

మీ అన్నయ్యకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మన పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, అది నచ్చక గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. కాగితాల మీద గీత పడింది గానీ వీధరుగులు అలాగే ఉన్నాయి. మార్గశిరం గురువారాల్లో మా పక్కింటి ఒడియా వాళ్ళు గుమ్మం నిండా పిండితో లక్ష్మీ పాదాలు వేస్తారు, ధనుర్మాసంలో మా ఆవిడ ముగ్గులు మొదలెడుతుంది. రెండూ ఒకే అరుగు మీద కలిసిపోతాయి, ఎవరి గీత ఎవరిదో తెలియదు. స్లాబు ఇళ్ళు కట్టినవాళ్ళు అరుగు తీసేసి కారుకి ర్యాంపు పోస్తున్నారు. సాయంత్రం కూర్చోడానికి ఎవరింటికి పోవాలో తెలియక వాళ్ళే మా అరుగు మీదకి వస్తున్నారు.

ఖర్చు తక్కువని అబద్ధం చెప్పను. కప్పు, కర్ర, సున్నం కలిసి బాగానే అయింది. అయినా అదే వైశాల్యానికి స్లాబు ఇల్లు కట్టేంత కాలేదు. పైగా ఒకేసారి చేయక్కర్లేదు, ఈ ఏడు కప్పు, వచ్చే ఏడు గోడలు.

కాబట్టి ముందు అన్నయ్యతో చెప్పి కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇవ్వకుండా ఆపు. తర్వాత విశాఖ నుంచి గుణుపురం ప్యాసింజరు ఎక్కి మా ఊళ్ళో దిగు. ఇల్లు చూపిస్తాను, మర్నాడు మేస్త్రిని వెంటబెట్టుకుని మీ ఊరు వెళదాం. వానలు పడకముందే రావాలి, తడిసిన పెంకు మీద ఎవడూ ఎక్కడు. అన్నయ్యని కూడా తీసుకొస్తే ఇంకా మంచిది, మా ఆవిడ చేతి పనసపొట్టు కూర పెట్టి ఒప్పిస్తాం.

మీ అమ్మకి నమస్కారాలు చెప్పు. అటక తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది, వచ్చేటప్పుడు తీసుకురా.

నీ
పర్లాకిమిడి నేస్తం