గెలిస్తే ఇంత కండకావరమా?

సంపాదకుల వారికి,

నేను లాస్ ఏంజెలెస్‌లో ఉంటాను, మా ఊరి బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ అంటే నాకూ ప్రాణమే. 2024 అక్టోబర్ 30న న్యూయార్క్ జట్టు యాంకీస్ మీద అయిదు పరుగులు వెనకబడి కూడా 7-6తో గెలిచి అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ కొట్టేసరికి ఇంట్లో అందరం గంతులేశాం. ఆ రాత్రే మా ఊళ్లోనే ఎకో పార్క్ దగ్గర మెట్రో బస్సుకు నిప్పు పెట్టారు. బేస్‌బాల్‌కీ ఆ బస్సుకీ ఏమిటి సంబంధం? తెల్లారితే పనికెళ్లే వాళ్లు ఎక్కే బస్సండీ అది!

2025 వరల్డ్ సిరీస్‌లోనూ టొరంటోలో జరిగిన ఆఖరి ఏడో మ్యాచ్ మామూలు తొమ్మిది దాటి 11 ఇన్నింగ్స్ దాకా సాగి మనవాళ్లే గెలిచారు. మా వీధిలో అర్ధరాత్రి దాటినా టపాసులు ఆగలేదు, పక్కింటి పసిపాప ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు. సోమవారం ఆఫీసులో ఇంకో ఘోరం. టొరంటో నుంచి వచ్చిన కుర్రాడు ఓడిపోయిన తన ఊరి జట్టు బ్లూ జేస్ టోపీతో వస్తే, అతని కుర్చీ నిండా నీలం కాగితం ముక్కలు చల్లి, చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియోలు తీశారు, అందులో ఇద్దరు మన తెలుగువాళ్లే. అది సరదా ఎలా అవుతుంది? గెలుపు ఆడినవాళ్లది, మనకెందుకు ఇంత పొగరు?

అతను ఏమీ అనలేదు. టోపీ తీసి బ్యాగులో పెట్టుకుని, ఒక్కో ముక్కా ఏరి చెత్తబుట్టలో వేశాడు. ఆ వారమంతా మాతో భోజనానికి రాలేదు.

– ఒక పాఠకురాలు, లాస్ ఏంజెలెస్