చేపల తొట్టెకు మనీప్లాంట్ వేళ్లే వడపోత

సంపాదకులకు,

చేపల తొట్టె కాస్త వాసన రాగానే నీళ్లన్నీ పారబోసి, రాళ్లు రుద్ది కడిగేస్తుంటారు. చేపలు చాలాసార్లు చనిపోయేది అందువల్లే. అవి విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లకు, ఫిల్టర్ స్పాంజికి అంటుకుని ఉంటుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తే, అమ్మోనియా పేరుకుని చేపలకు విషమవుతుంది. స్పాంజిని తొట్టెలోంచి వేరుగా తీసిన నీళ్లలోనే పిండాలి.

మిగిలే నైట్రేట్‌ను పీల్చుకోవడానికి మనీప్లాంట్ చక్కగా పనికొస్తుంది. 50 లీటర్ల తొట్టెకు నాలుగైదు తీగలతో మొదలుపెట్టవచ్చు. కణుపు కింద కత్తిరించి, గ్లాసు నీళ్లలో రెండు మూడు వారాలు వేళ్లు రానివ్వాలి. తర్వాత వేళ్లు మాత్రమే మునిగేలా తొట్టె అంచుకు తగిలించాలి. ఆకులు మునిగితే కుళ్లి, తిరిగి అమ్మోనియానే వదులుతాయి. కుండీలోంచి తీసిన మొక్కకైతే మట్టి, ఎరువు ఆనవాలు లేకుండా కడగాలి. గోల్డ్‌ఫిష్ వేళ్లు కొరికేస్తాయి కాబట్టి చిల్లుల ప్లాస్టిక్ బుట్ట అడ్డుపెట్టండి.

మొక్క ఉంది కదా అని ఎయిర్ పంపు ఆపకండి, వారానికి పావు వంతు నీళ్లు మార్చడం మానకండి. గుర్రపుడెక్క కూడా నీటిని శుభ్రం చేస్తుంది. కానీ ఎక్కువైతే దయచేసి కాలువలో, చెరువులో పడేయొద్దు. ఎండబెట్టి ఎరువు చేసుకోండి.

– ఒక పాఠకుడు, విజయవాడ