సంఘ చరిత్ర కమిటీ వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియులైన సంఘస్థులకు వందనాలు.

ఏడాదికోసారి నివేదిక చదవాలన్నది మన నియమం. మన సంఘం పాత రికార్డులు, పాతవాళ్ల పేర్లు పోకుండా కాపాడుకోవాలనే ఈ కమిటీ పెట్టుకున్నామని మీకు తెలిసిందే.

చెదలు తిన్న బాప్తిస్మాల రిజిస్టరును పేజీ పేజీ ఫోటో తీసి కంప్యూటరులోకి ఎక్కించాం. పెళ్లిళ్ల రిజిస్టరు సగమే అయింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట కూర్చుంటామని పేర్లిచ్చిన తమ్ముళ్లు ఆ గంటకు కనపడలేదు. స్త్రీల సమాజం అక్కలే పాత చేతిరాతను కూడబలుక్కుని చదివి రాయించారు. వాళ్లకు సంఘమంతా రుణపడి ఉంది.

ఈ ఏడు గట్టిగా చెప్పుకోదగ్గది జూలై 3న వెల్లంపల్లి ప్రయాణం. 1878లో అదే తారీఖున అక్కడి గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. దానికి ముందు జరిగింది మాత్రం పెద్దల్లోనే చాలామందికి తెలియదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి దొరికేలా చేశాడు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇంకో సంగతి. ఆ జూలై 3న నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని దిగారు. పాస్టరు అయ్యగారు ఏటి ఒడ్డున ఇది చెబుతుంటే మన పెద్దమ్మలు “ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదే!” అన్నారు. కమిటీ పట్టుదలంతా ఇక్కడే ఉంది. దొరల సంగతులు పుస్తకాలకెక్కాయి. మన పల్లెలో బడి నడిపిన బోధకులు, ఎండలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు ఉమన్‌లు ఎక్కలేదు. ముసలివాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోకపోతే ఆ పేర్లు ఇక దొరకవు.

తిరుగు దారిలో ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాం. అమెరికా బాప్టిస్టుల నెల్లూరు మిషను ఎత్తేద్దామా అని అమెరికాలో తర్జనభర్జన పడిన కాలంలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషను మిషనరీలు జూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు మనవాళ్లు అక్కడ మోకరించారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలు కూడా పైదాకా వచ్చారు. యూత్ వాళ్లు కొందరు కిందే సెల్‌ఫోన్లతో ఆగిపోయారు, అది వేరే సంగతి. పొద్దుపోవడంతో పాస్టర్లకు చదువు చెప్పే రామాయపట్నం సెమినరీకి వెళ్లలేకపోయాం. 2022లో జిల్లాలు మారినప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లాలోకి పోయింది గానీ మన సంఘానికేం దూరం కాలేదు, వచ్చే ఏడు తప్పక వెళ్దాం. ఈసారైనా పేరిచ్చినవాళ్లు బస్సెక్కాలి. ఖాళీ సీటుకూ కిరాయి కట్టాలి కదా.

పాత గుడి స్థలం కాగితాల కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. ఫైలు వెతుకుతున్నామంటారు, మళ్లీ రమ్మంటారు. తోడు వస్తామన్న పెద్దలకు ఆ రోజే పనులు పడతాయి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ప్రత్యేక కానుకలతో ప్రయాణం ఖర్చు గట్టెక్కింది, ఫోటోకాపీల బాకీ కొంచెం ఉంది.

పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, డీకన్లకు, స్కానింగు నేర్పిన టీచరు గారికి, తెల్లవారకముందే లేచి పులిహోర కలిపిన అక్కలకు, ఓపికగా బస్సు నడిపిన డ్రైవరు తమ్ముడికి కమిటీ తరఫున వందనాలు. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించండి.

కోత పండుగ లోపు మీ ఇళ్లలోని పాత ఫోటోలు తెచ్చివ్వండి, కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. ఎవరెవరున్నారో వెనకాల పెన్సిలుతోనే రాయండి. పెన్నుతో రాస్తే ముందువైపుకు దిగుతుంది.

ఇట్లు,
కార్యదర్శి